శిల్పం అన్న మాట ఎవరిది?

వస్తువు ముందా, శిల్పం ముందా అని మనం చాలా కాలంగా వాదించుకుంటున్నాం. 1943లో తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం పుట్టిన నాటినుంచీ, 1970లో విరసం వచ్చాక మరింత పదునుగానూ, ఈ చర్చ మన పత్రికల్లో ఎన్నిసార్లు జరిగిందో లెక్కలేదు. వల్లంపాటి వెంకటసుబ్బయ్య గారు ‘నవలాశిల్పం’ అనీ ‘కథాశిల్పం’ అనీ రెండు పుస్తకాలే రాశారు. మన విద్యార్థులు పరీక్షల్లో ‘శిల్ప విశేషాలు’ అన్న శీర్షిక కింద తలా రెండు పేజీలు నింపుతారు. ఇంతమందిమి ఇన్నేళ్ళుగా వాడుకుంటున్న ఈ మాటను ఎక్కడినుంచి తెచ్చుకున్నామో మాత్రం ఎవరమూ పట్టించుకోలేదు. ఉలి పట్టినవాడి దగ్గర అరువు తెచ్చుకున్నాం. అరువిచ్చినవాడి మొహం చూడలేదు.

మొన్నామధ్య నరసరావుపేటలో ఒక చిన్న సాహిత్య సమావేశం జరిగింది. కవిత చదివిన ఒక యువకుడితో, పాదాలు కాస్త సరిచూసుకోవలసింది బాబూ అని నేనంటే, ‘‘శిల్పం గుళ్ళో దేవుడికి కావాలి గాని ఉద్యమానికెందుకండీ?’’ అన్నాడు. సభలో చప్పట్లు కొట్టారు. నాకు వెంటనే జవాబు తోచలేదు. అలాంటి మాట ఒకప్పుడు నేనూ రాసి ఉండటమే దానికి కారణం. ఇరవై ఏళ్ళ కిందటి నా వ్యాసమొకటి ఉంది. విగ్రహమంటే పాలకవర్గం శ్రమజీవి చేత చేయించుకున్న అబద్ధం అని అందులో తీర్పు చెప్పాను. తీర్పు పూర్తిగా తప్పని ఇప్పుడూ అనను. ఐతే ఇంటికి వెళ్ళి ఆ వ్యాసం తీసి చూస్తే, శ్రమజీవి అన్న మాట పదకొండు చోట్ల ఉంది. ఉలి అన్న మాట ఒక్కచోటా లేదు.

అంచేత దుర్గి వెళ్ళాను. మాచర్లకు దగ్గర్లోని ఈ ఊళ్ళో రాతి పని తరాలుగా సాగుతోంది. దుర్గి రాతి శిల్పాలకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పలనాటి సున్నపురాయి పని ఇవాళ్టిది కాదు. అమరావతి స్తూపం పలకలు, నాగార్జునకొండ పలకలు ఈ ప్రాంతపు రాయే. ఇదే రాయి మన ఇళ్ళలో గచ్చు కింద పరుచుకుంటుంది, పిడుగురాళ్ళ బట్టీల్లో కాలి సున్నమవుతుంది, మాచర్ల వైపు ఫ్యాక్టరీల్లో సిమెంటు బస్తాల్లోకి వెళుతుంది. దుర్గిలో వినాయకుడవుతుంది. రాయిలో మహిమ ఉందనేవారు ఈ సంగతి ఒకసారి ఆలోచించాలి. రాయిలో ఏమీ లేదనే మనవాళ్ళు కూడా ఆలోచించాలి. ఎందుకంటే సిమెంటు బస్తాకూ వినాయకుడికీ మధ్య తేడా రాయిది కాకపోతే మరి దేనిదన్నది జవాబు చెప్పవలసిన ప్రశ్నే.

విగ్రహంలో ప్రతీక ఒకటి, పని ఒకటి. ఈ రెంటినీ మనం ఒకే మూటగా కట్టి, నచ్చినవాళ్ళం నెత్తిన పెట్టుకున్నాం, నచ్చనివాళ్ళం గట్టున పారేశాం.

ముందు ప్రతీక సంగతి. శిల్పశాస్త్రం ప్రతీకల వ్యాకరణం. విష్ణుమూర్తికి నాలుగు చేతులు, నాలుగు వస్తువులు: శంఖం, చక్రం, గద, పద్మం. ఈ నాలుగూ చేతులు మారుతుంటే మూర్తి పేరు మారుతుంది. కేశవుడు, నారాయణుడు, మాధవుడు, గోవిందుడు, ఇలా సంధ్యావందనంలో వరసగా చెప్పే ఇరవైనాలుగు పేర్లకూ ఇరవైనాలుగు అమరికలు. నాలుగు వస్తువుల్ని నాలుగు చేతుల్లో సర్దటానికి గణితంలో ఉన్న దారులు కూడా సరిగ్గా ఇరవైనాలుగే. భక్తుడికి ఇందులో రహస్యం కనిపిస్తుంది. నాకు ఒక లెక్కల మాస్టారి పొందిక కనిపిస్తుంది. మాచర్లలో వెలసినవాడు చెన్నకేశవుడా, మరొక మాధవుడా అన్నది మొహం చూసి చెప్పరు, చేతులు చూసి చెబుతారు. అర్థం అమరికలో ఉందన్న మాట. ఈ మాట భాషాశాస్త్రజ్ఞులు చెబితే మన విద్యార్థులు నోట్సు రాసుకుంటారు. కాశెపోసి పంచె కట్టిన శిల్పి చెబితే అది శాస్త్రం కాకుండా పోతుంది.

ఈ వ్యాకరణం నిర్దోషి కాదు. రాతికి కూడా లింగభేదం పెట్టారు. తడితే గంటలా మోగేది పుంశిల, కంచు తట్ట చప్పుడు చేసేది స్త్రీశిల, మోగనిది నపుంసకశిల. దేవుడి మూర్తికి పుంశిల, దేవికీ పీఠానికీ స్త్రీశిల, అన్నిటికన్నా కింద పునాదిలో నపుంసకశిల. ఎవరిమీద ఎవరు నిలబడాలో భూమిలో ఉన్నప్పుడే తేల్చేశారు! కొలతలూ అంతే. ప్రధాన దేవతకు ఉత్తమ దశతాళం, అంటే మూర్తి ఎత్తును 124 అంగుళాలుగా విభజించుకోవాలి. దేవేరికి మధ్యమ దశతాళం, 120. విఘ్నేశ్వరుడికి ఐదు తాళాలు. ఈ అంగుళం బజారులో దొరికే అంగుళం కాదు, ఆ మూర్తి ఎత్తులోంచే పుట్టే అంగుళం. అరచేతిలో పట్టే బొమ్మలోనూ, ఆరడుగుల బొమ్మలోనూ దామాషా చెడకుండా ఉండటానికి ఇంతకన్నా తెలివైన పద్ధతి లేదు. ఆ తెలివిలోనే భార్యకు నాలుగు అంగుళాలు తగ్గించే తెలివి కూడా కలిసి ఉంది. మొదటిది చూసి మురిసిపోయి రెండోది దాచేవాళ్ళు సంప్రదాయవాదులు. రెండోది చూసి మండిపడి మొదటిది చూడనివాళ్ళం మనం.

ఇక పని. నేను వెళ్ళిన కొట్టాంలో ఒక పెద్దాయన వేణుగోపాలస్వామి బొమ్మ చేస్తున్నాడు. రాతి మధ్యగా పైనుంచి కిందికి ఎర్రటి గీత గీసి ఉంది. దాన్ని బ్రహ్మసూత్రం అంటారు. వేణుగోపాలుడు త్రిభంగంలో నిలబడతాడు గనక తల, నడుము, మోకాళ్ళు ఆ గీతకు అటూ ఇటూ తప్పుకుంటాయి. ఎంత తప్పుకోవాలో శాస్త్రం చెప్పింది. తప్పుకున్నా పడిపోకుండా ఎలా నిలబడాలో చెప్పలేదు. అదే నేనడిగాను.

‘‘శాస్త్రం ఏ చేతిలో ఏముండాలో చెబుద్ది మాస్టారూ. చెయ్యి పట్టుకున్నట్టుండాలా, అంటించినట్టుండాలా అనేది చెప్పదు. అది నేను చూసుకోవాల’’ అన్నాడాయన.

ఈ ఒక్క మాట కోసం దుర్గి దాకా వెళ్ళవచ్చు. మనం పుస్తకాలు తిరగేసి చెప్పే రూపసారాల సంబంధమంతా ఇందులో ఉంది. ఏమి చెప్పాలన్నది కవికి తన వర్గం నుంచో, కాలం నుంచో, సంఘం ప్రణాళిక నుంచో అందవచ్చు. వేణువు పట్టుకున్న వేళ్ళు నిజంగా పట్టుకున్నాయా లేదా అన్నది ఏ ప్రణాళికా చెప్పదు. అంటించినట్టున్న పిడికిళ్ళు మన కవిత్వంలో ఎన్ని ఉన్నాయో పాఠకుడికి తెలుసు. వాటి పేర్లు ఇక్కడ చెప్పి స్నేహాలు పోగొట్టుకోను. మొదటి పేరు నాదే అవుతుంది.

ఆయన మరో సంగతి చూపించాడు. మొహంలో కళ్ళు, పెదాలు ఒక రూపానికి వస్తున్నా ముక్కు మాత్రం ఇంకా మొద్దుగా ఉంది. అన్నిటికన్నా ముందుకు పొడుచుకొచ్చేది అదే కనక, ముందే సన్నం చేస్తే తరవాత దెబ్బకు చెదురుతుందట. రాతిలో తీసెయ్యటమే గాని పెట్టటం లేదు. కాగితం మీద కొట్టేసి మళ్ళీ రాసుకునే మన సౌకర్యం ఆయనకు లేదు. నా పాత వ్యాసం సంగతి, దాచకుండా, చెప్పాను. విగ్రహం అబద్ధమని రాశానండీ ఆచారిగారూ అన్నాను. కోపగిస్తాడనుకున్నాను. ఉలి కొన మీద దుమ్ము ఊదుకుని, ‘‘అబద్ధమే అనుకోండి. అబద్ధానికైనా ముక్కు చెదిరితే రాయి మొత్తం పోద్ది గదా’’ అన్నాడు.

అన్నీ అయ్యాక కన్ను తెరుస్తారు. నేత్రోన్మీలనం అంటారు. బంగారు సూదితో స్థపతి కనుపాప గీత గీస్తాడు. ఆ మూర్తి తొలి చూపు పడే మనిషి, లాంఛనం సంగతి అటుంచితే, దాన్ని చేసినవాడే. ఆ తరవాత మంత్రాలు మొదలవుతాయి. ప్రాణప్రతిష్ఠ జరుగుతుంది. గర్భగుడిలోకి వెళ్ళాక ఆగమం ప్రకారం అర్చకుడు తప్ప మరొకరు దాన్ని తాకకూడదు. నెలల తరబడి ఒళ్ళో పెట్టుకుని మొహం దిద్దినవాడు కూడా గడప అవతల నిలబడి, డబ్బులిచ్చి టిక్కెట్టు కొనుక్కుని చూడాలి. 1844 నాటి రాతప్రతుల్లో మార్క్స్ శ్రమ పరాయీకరణ గురించి చెబుతూ మతంతోనే పోలిక తెచ్చాడు: మనిషి దేవుడిలో ఎంత పోస్తే తనలో అంత తక్కువ మిగులుతుంది, కార్మికుడు తాను చేసిన వస్తువులో పోసిన ప్రాణం కూడా అలాంటిదే అని. మార్క్స్‌కు అది పోలిక. దుర్గిలో అది పోలిక కాదు, రోజువారీ సంగతి. మనలో మార్క్స్‌ను చదివినవాళ్ళం ఇంతమందిమి ఉన్నాం. ఆ వాక్యాలు ఈ ఊరికి సరిగ్గా అతుకుతాయని ఎవరికీ తోచకపోవటమే వింత.

చేసినవాడి పేరు ఎప్పుడూ ఇలాగే తుడిచేశారా అంటే, పలనాడే మరో సాక్ష్యం చెబుతుంది. నాగార్జునకొండ 1926లో వెలుగులోకి వచ్చింది. సాగర్ జలాశయంలో మునిగిపోతుందని 1954 నుంచి 1960 దాకా లోయ అంతా తవ్వి, దొరికినదాన్ని కొండ మీదికి చేర్చారు. ఇక్ష్వాకుల కాలపు ఆ లోయలో రాజులు యజ్ఞాలు చేశారు, వాళ్ళ ఇంటి ఆడవాళ్ళు బౌద్ధ స్తూపాలకు స్తంభాలెత్తించారు. మహాచైత్యానికి దానం చేసిన చాంతిసిరి, అశ్వమేధం చేసిన చాంతమూలుడి చెల్లెలే. అష్టభుజస్వామికి, కార్తికేయుడికి, పుష్పభద్రస్వామికి గుళ్ళున్నాయి. అష్టభుజస్వామి మూర్తి మేడికర్రతో చేసినదని శాసనం చదివిన పండితులు అర్థం చెప్పారు. కర్ర ఎప్పుడో పోయింది, గుడి పునాదులూ శాసనమూ మిగిలాయి. బుద్ధుడి పాదాలు చెక్కిన రాయీ, హిందూ దేవతను చెక్కిన రాయీ ఒకటే. ఆ శిల్పులకు ఏ మతమని అడగటం, ఇవాళ అన్ని పార్టీల కరపత్రాలూ అచ్చువేసే ప్రెస్సు కార్మికుడిది ఏ పార్టీ అని అడగటంలాంటిది.

అక్కడ దొరికిన ఒక స్త్రీమూర్తిని మ్యూజియంలో తప్పక చూడాలి. కింది సగమే మిగిలింది. కాళ్ళు మడిచి విప్పారి కూర్చున్న ఆ మూర్తి సంతానానికి, పంటకు ప్రతీక. పండితులు లజ్జాగౌరి అని పేరు పెట్టారు. ఆ పేరులోని లజ్జ పండితులదే గాని బొమ్మలో లేదు. దానిమీద శాసనం ఉంది. ఏహువుల చాంతమూలుడి రాణి ఖండువుల, భర్త ఉన్నది, బిడ్డలు బతికి ఉన్నది, దీన్ని చేయించిందని ఉంది. చేయించినదాని పేరు తెలిసింది, పసుపుకుంకుమలు కూడా తెలిశాయి. ఆ మడిచిన మోకాలి కింద రాతిని మాంసంలా మెత్తన చేసిన చెయ్యి ఎవరిదో తెలియదు.

కాని అదే లోయలో ఛాయాస్తంభాలున్నాయి. చనిపోయినవారి జ్ఞాపకంగా నిలిపిన రాళ్ళు. రాజుకు నిలిపారు, సేనానులకు, యుద్ధంలో పడిన సైనికులకు నిలిపారు. వాటి మధ్య ఒకటి ఒక ఆవేసనిది. ఆవేసని అంటే పనివాళ్ళ పెద్ద, మేస్త్రీ. ఈ మాట సాంచీలోనూ ఉంది: దక్షిణ తోరణం మీద, శాతకర్ణి రాజు ఆవేసని ఆనందుడు ఇచ్చిన దానమని చెక్కి ఉంది. సుమారు పదిహేడు వందల ఏళ్ళ కిందట ఇక్కడ ఒక మేస్త్రీ చనిపోతే, రాజుకు నిలిపినలాంటి రాయే నిలపదగిన మనిషి అని కొందరికైనా తోచింది. నేను దీన్ని స్వర్ణయుగమని చెప్పబోవటం లేదు. ఆ ఒక్క రాయి పక్కన పేరులేని చేతులు వేలున్నాయి. కాని చరిత్రలో ఒకసారి జరిగినదాన్ని అసాధ్యమని ఎవరూ అనలేరు.

ఇక్కడ నాకు ఎదురయ్యే అభ్యంతరం ఒకటుంది. పనితనమే అంత ముఖ్యమైతే ఊరి చివర పోలేరమ్మ సంగతేమిటి? ఆమెది మొహం కూడా లేని రాయి. పసుపు పూసి, కుంకం బొట్టు పెడితే తల్లి అయింది. ఉలి తగలలేదు, ప్రతీక మాత్రం నిండుగా ఉంది. కారంపూడి ఇంకా పెద్ద ఉదాహరణ. పలనాటి యుద్ధంలో పడిన వీరులకు అక్కడి వీరుల గుడిలో నిలిపినవి లింగాకారపు రాళ్ళు. చెన్నకేశవుణ్ణి కొలిచిన బ్రహ్మనాయుడి పక్షంవాళ్ళు కూడా లింగాలై కూర్చోవటం చూసి శైవ వైష్ణవ పండితులిద్దరూ తలలు పట్టుకోవాలి. ఏటా కార్తీక అమావాస్యతో మొదలై ఐదు రోజులు జరిగే ఉత్సవంలో దేవుళ్ళు విగ్రహాలు కారు, ఆయుధాలు. ఊరూరి నుంచి వీరాచారవంతులు కత్తులు, కుంతాలు మోసుకొచ్చి నాగులేట్లో స్నానం చేయిస్తారు. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు అని ఐదు రోజులకూ ఐదు పేర్లు, కథలోని ఐదు ఘట్టాలు. కథ పాడేది మాలలైన వీరవిద్యావంతులు. శ్రీనాథుడు ద్విపదలో రాశాడు, 1911లో అక్కిరాజు ఉమాకాంతం గారు అచ్చు వేయించారు, 1982లో జీన్ రోగేర్ అలిసెట్టి గాలెయ్య పాడినదాన్ని విని ఇంగ్లీషులో పుస్తకం చేశాడు. ఇవన్నీ ఆ గొంతు తరవాత వచ్చినవి. మాల కన్నమదాసు సేనాపతి అయిన కథ, చాపకూడు కథ నిలిచింది చెక్కిన బొమ్మలో కాదు, మోసుకొచ్చే కత్తిలోనూ, పాడే నోటిలోనూ.

మరి ఉలి ఎందుకు? నేను చాలా రోజులు ఈ ప్రశ్నతో తిరిగాను. నాకు తోచిందిది. పోలేరమ్మ రాయికి చుట్టూ జాతర కావాలి. డప్పు, ఘటం, వేపమండలు, ఊరి భయం, ఊరి ఆశ అన్నీ కలిసి ఆ రాతికి మొహం చెక్కుతాయి. అక్కడ శిల్పి ఊరంతా. జాతర అయిపోయిన మర్నాడు పరాయి ఊరివాడు వస్తే అతనికి కనిపించేది రాయే. ఉలి తగిలిన మూర్తి అలా కాదు. నాగార్జునకొండ బొమ్మల చుట్టూ ఉన్న జాతర పోయి పదిహేడు శతాబ్దాలైంది, ఆ మతం పోయింది, ఆ రాజ్యం పోయింది, ఆ నేల నీళ్ళ కింద ఉంది. బొమ్మ మాత్రం మ్యూజియంలో, దేవుడి మీద నమ్మకం లేని నన్ను నిలబెట్టి మాట్లాడుతోంది. నరసరావుపేట యువకుడికి నేను ఆలస్యంగా ఇస్తున్న జవాబిదే. నినాదం పోలేరమ్మ రాయి. దాన్ని తక్కువ చేసి చెప్పటం లేదు. ఊరేగింపు నడుస్తుండగా దానికి మించిన కవిత్వం లేదు. కాని నాయనా, నీ కవితను నువ్వు పుస్తకంలో వేస్తున్నావు. పుస్తకం తెరిచేవాడి దగ్గర డప్పు ఉండదు.

గుడి తలుపు సంగతి చెప్పకుండా విగ్రహం గురించి మాట్లాడటం ఈ జిల్లాలో మర్యాద కాదు. జాషువా వినుకొండవాడు. ‘గబ్బిలం’ మొదటి భాగం 1941లో వచ్చింది. మనిషిని రానివ్వని గుళ్ళోకి గబ్బిలం వెళుతుంది, అందుకే దానిచేత శివుడికి కబురు పంపాడు. అలాంటి జాషువా ‘శిల్పి’ అనే ఖండిక కూడా రాశాడు. రాతి పనివాణ్ణి పిలిచి, అతని ఉలికి చేతులు జోడించాడు. తలుపు మూసిన గుడిమీద కోపం, ఆ గుడిని చెక్కిన చేతిమీద ప్రేమ, రెండూ ఒకే గుండెలో ఉండవచ్చునని ఆయనకు తెలుసు. ఆయన తరవాత వచ్చిన మన విమర్శ మొదటిదాన్నే తీసుకుంది. రెండోది స్కూలు పాఠంగా పిల్లలకు వదిలేసింది.

ఇవాళ ఈ వదిలేయటానికి మూల్యం చెల్లిస్తున్నాం. మనం అక్కరలేదన్న విగ్రహాన్ని మరొకరు తీసుకున్నారు. వాళ్ళకు ముక్కు అక్కరలేదు, ఎత్తు కావాలి. హైదరాబాదు పక్కన ముచ్చింతల్‌లో 2022లో ఆవిష్కరించిన రామానుజుల విగ్రహం 216 అడుగులు. చైనాలో ఒక కంపెనీ ముక్కలుగా పోతపోసి పంపితే ఇక్కడ కూర్చారు. హుస్సేన్‌సాగర్ బుద్ధుణ్ణి మనవాళ్ళే చెక్కారు గాని, 1990లో పడవ మీద తీసుకువెళుతుండగా బోల్తాపడి పలువురు చనిపోయారు. విగ్రహాన్ని 1992లో పైకి తీసి నిలబెట్టారు. మునిగినవారి పేర్లు ఆ బుద్ధుణ్ణి చూడవచ్చినవాళ్ళలో ఎంతమందికి తెలుసు? ఎత్తును కొలవటం సులువు. మణికట్టు చూడాలంటే కన్ను కావాలి, ఆ కన్ను ఇవ్వటం విమర్శకుడి పని. మనం ఆ పని మానేశాం.

దుర్గిలో కూడా కోత యంత్రాలు వచ్చాయి. మోటారు చప్పుడుకు మాట వినిపించదు, తెల్లటి దుమ్ము కనురెప్పల మీద పేరుకుంటుంది. యంత్రం వద్దని పెద్దాయన అనలేదు. మోటు పని అది చేస్తే మంచిదే, భుజం మిగులుతుంది అన్నాడు. కొట్టాంలో పనిచేసే ఇద్దరు కుర్రాళ్ళు సాయంత్రమైతే గుడ్డతో మూతులు తుడుచుకుని దగ్గుకుంటూ వెళ్ళారు. యంత్రానికి జాలీ, పళ్ళకు ముసుగూ ఇచ్చేవాడెవడు? బేరం కుదుర్చుకున్న ధర్మకర్తలు మూర్తి ఎత్తుకు డబ్బు కడతారట, అడుగుకింత.

నేను వచ్చేసే ముందు ఆయన ఒక పలక తెచ్చి గోడకు ఆనించాడు. గుడికి చందాలిచ్చినవారి పేర్ల పలక. ‘‘మీరు తెలుగు మాస్టారు గదా, చెక్కకముందే ఒకసారి చూడండి’’ అన్నాడు. సుద్దతో రాసి ఉన్నాయి, పేర్లూ, పక్కన అంకెలూ. రెండు తప్పులున్నాయి, దిద్దాను. శంకుస్థాపన చేసినవారికి ఒక వరస, ప్రతిష్ఠ చేయించినవారికి ఒక వరస ఉన్నాయి. మూర్తి చేసినవారు అన్న వరస వెయ్యమంటారా అని అడిగితే, పలక కొలత వాళ్ళు ఇచ్చిందేనని, అందులో చోటు లేదని చెప్పి, నేను దిద్దిన అక్షరాల మీద ఉలి ఆనించాడు.